నీలోడు లేని మూడో భాగం

మా చిన్నప్పుడు... బాపు పనిచేసే గల్ఫ్ ఊరు అల్ ఖౌద్‌లో, సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం బాపు కునుకు తీయగానే, అక్కా నేనూ టీవీ ముందు చాప పరిచేవాళ్లం. గేమ్ క్యాసెట్టు ఊడబెరికి, ఉఫ్ ఉఫ్ మని ఊది, మళ్లీ గుచ్చితే... తెర మీద ఇద్దరు మొనగాళ్లు దిగేవారు. ఎర్ర బనీనువాడు నేను. నీలం బనీనువాడు అక్క. వాళ్ల పేర్లు జపాన్ అక్షరాల్లో ఉండేవి కాబట్టి మాకు ఎర్రోడు, నీలోడు.

మొదటి భాగం, రెండో భాగం... రెండూ ఇద్దరం కలిసే గెలిచాం. నేను ముందుకు ఉరికి చావబోతే, అక్క వెనక నుంచి వచ్చి కాపాడేది. నాకు కొంటె బుద్ధి కూడా ఎక్కువే. పక్కింటి పిల్లలు ఆడతామని వస్తే, వైరు పీకేసిన జాయ్‌స్టిక్ చేతికిచ్చేవాణ్ణి. పాపం, నొక్కి నొక్కి, తామే గెలిచామని మురుస్తూ వెళ్లేవారు...

అక్కకు పదో తరగతి అయిపోయింది. ఇంటర్ కరీంనగర్‌లో, అమ్మమ్మ దగ్గర ఉండి చదవాలని బాపు తేల్చేశాడు. పోయే ముందు ఏం కావాలి బిడ్డా అంటే, అక్క గడియారం అడగలేదు, కొత్త డ్రెస్సు అడగలేదు. ఆ ఆట మూడో భాగం అడిగింది.

"పోయేలోపు తమ్మి నేను కలిసి గెలవాలె బాపూ" అంది.

బాపు ఎవరితోనో చెప్పి దుబాయ్ నుంచి తెప్పించాడు. శుక్రవారం పొద్దున చేతికొచ్చింది. అక్క విమానం శనివారం.

క్యాసెట్టు గుచ్చాం. ఎర్రోడు దిగాడు... ఒక్కడే. అక్క అన్ని బటన్లూ నొక్కింది. నీలోడు రాలేదు.

"వైరు పీకినవ్ గదరా?"

"అమ్మతోడు, ముట్టలే అక్కా."

"రేపు పోయేదాన్ని గూడ వదలవా నువ్వు? సిగ్గు లేదా?"

నేను ఏ పాపం చేయనిది ఆ ఒక్క రోజే... అదెవరు నమ్ముతారు? అక్క కళ్లు తుడుచుకుంటూ వెళ్లి సూట్‌కేసు ముందు కూర్చుంది. మడత పెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడత పెడుతోంది.

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా. "వైరు నువ్వే చూడు. నాది నువ్వు పట్టుకో, నీది నేను పట్టుకుంట."

మార్చి చూశాం. ఈసారి నేను ఎంత నొక్కినా ఏమీ కదల్లేదు. అప్పుడు అర్థమైంది... మూడో భాగంలో రెండో మనిషే లేడు. నీలోడు చచ్చాడో, దేశం విడిచిపోయాడో కూడా చెప్పలేదు. ఆ ఆట చేసినవాడికి తోబుట్టువులు లేరనుకుంటా.

ఎర్రోడు కూడా మునుపటివాడు కాడు. గుద్దడం లేదు, తన్నడం లేదు... దొర్లుకుంటూ పండ్లు ఏరుకుంటున్నాడు.

"ఇన్నొద్దులు ఆగింది గీని కోసమా? వీడు పండ్ల దుకాణం పెట్టుకున్నట్టున్నడు" అంది అక్క. మొహంలో కొంచెం నవ్వొచ్చింది. కాసేపటికి తనే అంది, "జరుగు. నడిపిచ్చుడు నాది, దుంకుడు నీది."

ఒక్క జాయ్‌స్టిక్ ఇద్దరం పట్టుకున్నాం. ఎడమ సగం అక్క, కుడి సగం నేను. నేను దూకుదామనేసరికి తను వెనక్కి నడిపేది. ఎర్రోడు తాగుబోతులా ఊగి ఊగి గుంతలో పడేవాడు. పొట్ట పట్టుకుని నవ్వాం. అమ్మ ఉడకబెట్టిన శనగ గుడాల గిన్నెతో వచ్చి చూసి, "ఇద్దరు ఒక్క కట్టె పట్టుకొని గుంజుకుంటున్నరేంది" అంది.

సాయంత్రం దాకా మొదటి మెట్టు కూడా దాటలేదు...

అక్క వెళ్లాక, తర్వాతి శుక్రవారం ఒక్కణ్ణే కూర్చున్నా. రెండు చేతులూ నావే కదా... ఆట సులువైపోయింది. మొదటి మెట్టు దాటేశా. "దాటినం అక్కా" అని పక్కకు తిరిగితే, ఖాళీ చాప. టీవీ కట్టేశా.

ఇప్పుడు మావాడు చెవులకు డొప్పలు తగిలించుకుని, ఏ దేశంవాళ్లో తెలియని వందమందితో ఆడతాడు. తెర మీద బొమ్మలు అచ్చం మనుషుల్లాగే ఉన్నాయి... పక్కన మాత్రం మనిషి లేడు. అక్కా నేనూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం, తిట్టుకుంటాం కూడా. అయినా ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని ఓడిపోయే శుక్రవారం మళ్లీ రాలేదు.

మీతో కలిసి అలా ఓడిపోయినవాళ్లు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల పేరు ఇక్కడ కింద రాసి పోండి.