మాస్టారి దగ్గర ఉండిపోయిన సగం బొమ్మలు

"మేస్టారు పోయేరంటండి" అని మా అటెండరు వచ్చి చెప్పేసరికి స్టాఫ్ రూములో ఏడుగురు మాస్టార్లు అర్ధ సంవత్సరం పేపర్లు దిద్దుతున్నారు. ఏడుగురూ ఒకేసారి తలెత్తారు. అందరూ ఉన్నారు కదా, మరి పోయింది ఎవరు?

"ఏ మాస్టారు?" అని నేనే అడిగాను.

"అదేనండి, గోల మేస్టారు. తుమ్మపాల మేస్టారు. తెల్లారగట్ల పోయేరంట."

నేను ఎర్ర పెన్ను మూత పెట్టాను, మళ్లీ తీశాను. ఎవరి పేపరో, తప్పుకి రైటు కొట్టేశాను. దాన్ని కొట్టేసి మళ్లీ దిద్దాలని కూడా తోచలేదు. ఏడుపు రాలేదు. వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. "అయ్యో, వచ్చే ఆదివారం వెళ్దామనుకున్నానే" అనుకున్నాను. ఆ ఆదివారం నాకు నాలుగు నెలలుగా వాయిదా పడుతూనే ఉంది.

ఆయన మా అనకాపల్లి స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. నాది సోషల్. ఆయన రిటైరవడానికి ఏడాది ముందు కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా రెండు గదులకీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క తడిక. అటు నుంచి పిల్లలు ఒకటే అరుపులు. బెంచీలు జరుపుకోవడం, వీపులు ఆనించుకుని కూర్చోవడం, "వేర్?" "హౌ మెనీ?" అని ఒకరినొకరు నిలదీసుకోవడం. సంత ఇంతకన్నా నయం. నేనేమో ఇక్కడ మొఘలుల పాలన చెప్పాలి. ఒకరోజు ఉండబట్టలేక వెళ్లి, "మాస్టారూ, కొంచెం గోల తగ్గించండి, మా పిల్లలు వినలేకపోతున్నారు" అన్నాను.

ఆయన చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన సుద్దముక్క తీసి, చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఏదైనా చెప్పే ముందు అది ఆయన అలవాటు.

"మీ గదిలో నిశ్శబ్దం సాలా ఉన్నట్టుంది టీచరమ్మా. కొంచెం ఇటు అంపించు. మా గోల కొంచెం అటు అంపిస్తాను. ఇద్దరికీ సరిపోద్ది" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి ఆయనకి తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు.

ఆయన సైకిలు హేండిల్‌కి ఎప్పుడూ ఒక గుడ్డ సంచి వేలాడుతుండేది. ఆయనకి చిత్తు కాగితమంటూ ఉండేది కాదు. బస్సుల టైం టేబుల్, విత్తనాల సంచి మీద అట్ట, మందుల డబ్బాలోని చీటీ, సినిమా వాల్ పోస్టరు ముక్క, ఇంగ్లీషు అక్షరం ఉన్నదేదైనా అందులోకి వెళ్లిపోయేది. పాత క్యాలెండర్ల వెనక ఆయనే బొమ్మలు వేసేవారు. పెద్ద గొప్ప బొమ్మలేం కాదు, కానీ చూడగానే ఫలానా పని అని తెలిసిపోయేది. చెరకు నరకడం, నారు మొయ్యడం, బెల్లం వండడం, మా పిల్లల ఇళ్లలో జరిగేవే. "తెలీని ఇంగ్లీషుతో తెలీని సంగతి సెప్తే పిల్లకి రెండు బరువులు టీచరమ్మా. ఒకటి దించాల" అనేవారు. ఆ మాట అప్పుడు విన్నాను, తల ఊపాను. తల ఊపడంలో మేం టీచర్లం ఎవరికీ తీసిపోం.

ఆయన రిటైరయ్యే నాటికి ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివాను కదా అని హెడ్మాస్టరుగారు ఇంగ్లీషు నా నెత్తిన పెట్టారు. మా దగ్గర సెలవు తీసుకుని వెళ్లిపోయే రోజున మాస్టారు బీరువా పక్కనున్న రేకు పెట్టె నా బల్ల దగ్గరికి జరిపి, తాళం చేతిలో పెట్టారు.

"ఏదైనా తక్కువైతే ఇంటికి రామ్మా. తుమ్మపాలెంత దూరం? ఇలా వచ్చీడమే" అన్నారు. వెళ్లేవాళ్లంతా ఆ మాట అంటారు. మనమూ అలాగేనండీ అంటాం. నేనూ అన్నాను.

వేసవి సెలవుల్లో ఆ పెట్టెని మా ఊరు పాయకరావుపేట తీసుకెళ్లి తెరిచాను. చూస్తే అన్నీ సగాలే. బస్సు టైం టేబుల్లో ఊళ్ల పేర్లున్నాయి, టైములు లేవు. మందు చీటీలో పేరుంది, ఎన్నిసార్లు వేసుకోవాలో లేదు. బొమ్మలన్నీ నిలువుగా మధ్యకి కత్తిరించి ఉన్నాయి. పాపం పెద్దాయన, రెండో ముక్కలు ఎక్కడో పారేసుకున్నారు, ఎలకలు కొట్టేశాయేమో అనుకుని జాలిపడ్డాను. అంతటితో ఊరుకున్నానా? నెల రోజులు కూర్చుని, తెల్ల అట్టలు కొని, ఆ సగాల్ని అతికించి, మిగతా సగాలు నేనే స్కెచ్ పెన్నులతో వేశాను. టైములు నేనే రాశాను. ఒక బొమ్మలో బెల్లం వండే పాక, చెరకు పిప్పి కుప్ప, వాటి పక్కన చేతిలో కర్ర ముందుకి చాచిన మనిషి ఉన్నాడు. కర్ర చివర కత్తిరింపులో పోయింది. కర్ర చాచాడంటే ఎద్దుల్ని తోలుతున్నాడని అటువైపు చక్కటి జత ఎద్దుల్ని వేశాను. వెనకాల ఒక సూర్యుణ్ణి కూడా పెట్టాను.

ఆ ఏడాది టీచర్లు బోధన సామగ్రి పెట్టే మేళాలో నా అట్టలకి ఫస్ట్ ప్రైజు వచ్చింది. వాటిని క్లాసులో గోడనిండా కట్టాను. గది చూడముచ్చటగా ఉండేది. నిశ్శబ్దంగా కూడా ఉండేది. నేను పుల్లతో చూపిస్తూ "దిసీజ్ ఎ బుల్లక్" అంటే యాభైమందీ "దిసీజ్ ఎ బుల్లక్" అనేవారు. నేను ఆపితే వాళ్లూ ఆపేవారు. సొంతంగా ఒక్క ముక్క ఎవరి నోటినుంచీ రాలేదు. తప్పంతా పిల్లలదే అనుకున్నాను, అది సులువు కదా.

వాళ్లలో గొలుగొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి ఉంది. కొండ మీద పోడు చేసుకునే కుటుంబం. ఆరో తరగతిలో మాస్టారి దగ్గర ఇదే పిల్ల వీపు తిప్పి కూర్చుని గట్టిగా ప్రశ్నలడగడం నేను తడికలోంచి చూశాను. నా దగ్గరికొచ్చాక రెండేళ్లయినా నోరు విప్పలేదు. వచ్చే ఏడాది నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్ అంటున్నారు. ఈ పిల్ల ఇలాగే ఉంటే లెక్కలూ సైన్సూ కూడా నోట్లోనే మింగేసి, ఒకరోజు పుస్తకాల సంచి హాస్టల్లో వదిలేసి కొండెక్కేస్తుందని నా భయం. మొన్న ఆగస్టులో దాన్ని నిలబెట్టి, "ఏదో ఒకటి అడగవే, ఏ బొమ్మ గురించైనా సరే" అని బతిమాలాను.

అది గోడకేసి చాలాసేపు చూసింది. చూసి, "అంతా కనిపిత్తంది కదండీ టీచర్. ఇంకేటి అడగాలి?" అంది.

నేనూ గోడకేసి తిరిగి చూశాను. నేను తిట్టకపోవడం చూసి దానికి ధైర్యం వచ్చినట్టుంది.

"మేస్టారు ఒక ముక్క నాకిచ్చీవోరండి, ఒక ముక్క పక్క పిల్లకిచ్చీవోరు. దాని ముక్క నేను సూడకూడదు. అడిగి తెలుసుకుని గీయాల. ఆ రెండో ముక్కలు మేస్టారి సంచిలో ఉండీవండి." కాస్త ఆగి, మరీ మెల్లగా, "బెల్లం వండినకాడ ఎద్దులేటండి?" అంది.

క్లాసంతా ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. స్టాఫ్ రూముకి వచ్చాక నవ్వు రాలేదు. గోడకి కట్టిన ప్రతి అట్టా నాకు చీవాట్లు పెడుతున్నట్టే ఉంది. ఆ సాయంత్రమే అన్నీ దింపేసి, నేను వేసిన సగాల్ని కత్తిరించి పారేశాను. ఎద్దుల్ని మాత్రం ఎందుకో ఉంచుకున్నాను.

ఇక మిగిలింది తుమ్మపాల వెళ్లడం. వెళ్లి ఏమని చెప్పాలి? మీ ప్రశ్నలన్నిటికీ నేనే జవాబులు రాసేసి ప్రైజు కూడా తెచ్చుకున్నానండీ అని చెప్పాలా? ఈ ఆదివారం తలనొప్పి, ఆ ఆదివారం వాన, పై ఆదివారం ట్రైనింగు. అలా అలా డిసెంబరు వచ్చేసింది. తర్వాత అటెండరు వచ్చాడు.

స్కూల్లో సంతాప సభ పెట్టాం. గోల తప్ప ఇంకోటి తెలియని మనిషికి రెండు నిమిషాల మౌనం పాటించాం. తర్వాత ఒకాయన లేచి మాస్టారు తరగతిలో తెలుగు మాటే రానిచ్చేవారు కాదన్నారు. ఇంకొకాయన, అదేం కాదు, కొండ పిల్లలకి ముందు తెలుగులోనే అంతా చెప్పేవారన్నారు. తప్పులు దిద్దేవారు కాదని ఒకరంటే, ఒక్క తప్పుకి తనని అరగంట కూర్చోబెట్టారని పాత విద్యార్థి ఒకడన్నాడు. ఆయన పద్ధతులు రాసి ఇవ్వు, ట్రైనింగులో పంచుదాం అని హెడ్మాస్టరుగారు నాకు పురమాయించారు. కాగితం మీద ఒకటి అని అంకె వేశాను. ఇప్పటికీ అంకె ఒక్కటే ఉంది.

ఆదివారం తుమ్మపాల వెళ్లాను. అవును, ఈసారి ఏ అడ్డూ రాలేదు. మాస్టారి భార్య నన్ను ఎప్పుడూ చూడలేదు. ఫలానా అని చెప్పాను.

"ఓహో, ఆ పక్క గది టీచరమ్మవా? కూకోమ్మా" అని లోపలికెళ్లి కొత్త చొక్కా కొన్నప్పుడు వచ్చే అట్టపెట్టె ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. మూత తీశాను. సగాలు. టైములున్నాయి, ఊళ్లు లేవు.

"ఆదోరం ఆదోరం దీన్ని అరుగు మీద పెట్టుకుని కూకునీవోరమ్మా. ఏటండి అది అంటే, స్కూలు నుంచి ఎవులైనా వత్తారేమో అనీవోరు."

"నా కోసమేనాండీ? కావాలనే ఉంచుకున్నారా, సంచిలో ఉండిపోయాయా?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. "నాకేటి తెలుత్తాదమ్మా? నువ్వే అడగవలసింది" అన్నారు. కోపంగా అనలేదు. కాఫీ తేవడానికి లేచారు.

అక్కడ ఏడ్చాను. ఆయన నాకు సగమిచ్చి, రెండో సగం కోసం అడగడానికి రమ్మన్నారా? లేక ముసలాయన మరిచిపోయి, పెట్టె పక్కన పెట్టుకుని ఊరికే ఎండకి కూర్చున్నారా? ఎటు తిప్పి చూసినా నాకు తేలదు. తేల్చగలిగిన మనిషి రెండేళ్లపాటు అరుగు మీదే ఉన్నారు.

సోమవారం ఆ అట్టపెట్టెని, నా దగ్గరున్న పాత సగాల్ని కలిపి క్లాసుకి తీసుకెళ్లాను. ఒక్కో ముక్కా పంచాను. గొలుగొండ పిల్ల పక్క అమ్మాయి ఆ రోజు రాలేదు. అందుకని బెల్లం పాక, కర్ర చాచిన మనిషి ఉన్న సగం దానికిచ్చి, రెండో సగంతో నేనే దాని బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరం వీపులు ఆనించుకున్నాం. గది గోలెత్తిపోయింది. పక్క గదిలోంచి ఎవరో తడిక మీద కొట్టారు కూడా.

నా చేతిలో ముక్క అప్పుడే సరిగ్గా చూశాను. అది కర్ర కాదు, తెడ్డు. పొయ్యి మీది పెద్ద పెనంలోంచి తీసిన వేడి బెల్లం దాని చివర మెరుస్తోంది. దాని ఎదురుగా ఒక చిన్న పిల్ల రెండు చేతులతో ఆకు పట్టుకుని నిలబడి ఉంది.

 నా వీపు వెనక నుంచి మెల్లగా ఒక గొంతు.

"టీచర్... ఈజ్ ఎనీబడీ దేర్?"

"యస్" అన్నాను. "ఎ గర్ల్."

"వాట్ ఈజ్ షీ డూయింగ్?"

నేను బొమ్మలో ఆకు పట్టుకున్న పిల్లకేసి చూశాను. వెనక నుంచి మోచేత్తో పొడిచింది, మాస్టారి దగ్గర నేర్చుకున్న పిల్ల కదా, జవాబు వచ్చేదాకా వదలదు. మళ్లీ అడిగింది.

"వెయిటింగ్" అన్నాను.