మా పిల్లి పథ్యం

మా పిల్లికి పేగుల జబ్బని తెలిసినప్పుడు భయపడ్డాను. కానీ ఆ తర్వాత నన్ను పీడించింది భయం కాదు, అసూయ. అదీ చేపలమ్మే ఆవిడ మీద. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అది మొదటినుంచీ పేచీకోరు పిల్లి. పాలు గోరువెచ్చగా ఉంటేనే తాగేది, చల్లారితే కాలితో గిన్నె నెట్టేసేది. ఏం తిన్నా గంటలో కక్కడం, విరేచనాలు మొదలై డొక్కలు లోపలికి పోయాక సంచిలో పెట్టుకుని మండపేటలో పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పాలు పూర్తిగా మాన్పించమన్నారు. తోలు తీసిన కోడిమాంసమో, ముళ్లు తీసిన చేపో ఉప్పు, నూనె లేకుండా ఉడికించి, మెత్తగా మెదిపి, కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదుసార్లు పెట్టమన్నారు. వరసగా రెండు రోజులు తినకపోతే పిల్లి దక్కడం కష్టమని కూడా చెప్పారు.

పథ్యం సంగతి నాకు ఒకరు చెప్పాలా? మా ఇంట్లో ఇద్దరు బాలింతలకు వండిపెట్టిన చెయ్యి ఇది. కోడిమాంసం ఉడికించి ముందు పెట్టాను. వాసన చూసి తోక తిప్పుకుని వెళ్లిపోయింది. ఉడికించిన గుమ్మడికాయ ముక్క కలిపి పెట్టాను, అదీ ముట్టలేదు. మా ఆయన పేపరు దించి, పిల్లికి బిచ్చం పెట్టని ఇల్లాళ్లుంటారని విన్నాను గానీ, నువ్వు పెడతానంటే పిల్లే పుచ్చుకోవడం లేదేంటి అన్నారు.

మర్నాడు చేపలావిడ వచ్చింది. ఏళ్ల తరబడి మా వీధికి తట్టతో వచ్చే మనిషి. సంగతి విని, ఒక కొరమీను ముక్క మా పొయ్యి మీదే వట్టి నీళ్లలో ఉడికించి, ముళ్లు ఏరి, అరచేతిలో పెట్టుకుని చాపింది. మా పిల్లి ఆ చేతిని నాకి నాకి శుభ్రం చేసింది. నాకు సంతోషం కలగాలి కదా, కడుపు మండింది. ఇల్లు నాది, గిన్నె నాది, పిల్లి నాది, తినడం మాత్రం ఆవిడ చేతిలో.

ఆ వారమంతా ఆవిడ రోజూ వచ్చి పెట్టింది. పిల్లి పొద్దుటినుంచీ గేటు దగ్గరే కాచుకుని కూర్చునేది. నేను పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు.

ఇక ఊరుకోలేకపోయాను. బాలింత కడుపు కుదుటపడాలంటే మా వైపు ముందు గుర్తొచ్చేది వెల్లుల్లి. నాలుగు రెబ్బలు నేతిలో వేయించి, మెత్తగా నలిపి కోడిమాంసంలో కలిపాను. నేతి వాసనకి కాబోలు, నా చేతిలోది తింది. ఆ రోజు నా అంత గొప్పది జిల్లాలో లేదు. నువ్విక శ్రమపడి రావద్దని, నా చేత్తోనే తింటోందని చేపలావిడతో చెప్పాను. ఆవిడ తలూపి తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగో రోజుకి పిల్లి లేవలేదు. డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తి, ఎవరో తెచ్చిన చేప పడలేదని చెప్పాను. ఆయన దాని పెదవి ఎత్తి చూశారు. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇంకేం పెట్టారని రెండుసార్లు అడిగాక వెల్లుల్లి సంగతి చెప్పాను. ఉల్లి అయినా వెల్లుల్లి అయినా పిల్లికి విషమని, దాని రక్తకణాలు పగిలిపోతాయని అన్నారు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ నేను దాని మొహం చూడలేకపోయాను.

ఇంటికి తెచ్చాక నా చేతి ముద్ద ఒక్కటి కూడా తినలేదు. ఆ రోజు గడిచింది. రెండోరోజు పొద్దున్నే చేపల బజారుకి వెళ్లి, కొనడానికి వచ్చినదానిలా ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఒక చేప మొప్ప ఎత్తి చూశాను. ఆవిడే పిల్లెలా ఉందని అడిగింది. చెప్పాను. తట్ట పక్కావిడకి అప్పజెప్పి, చేతులు కడుక్కుని నాతో వచ్చేసింది. ఆవిడ మళ్లీ చేప ఉడికించి అరచేతిలో చాపితే పిల్లి తల ఎత్తింది, నాకింది, తింది. నేను వంటింటి గుమ్మం అవతల నిలబడి చూశాను. బతుకుతుందన్న ధైర్యం వచ్చిన మరుక్షణం పాత మంట మళ్లీ రేగింది.

పది రోజులు ఆవిడే వచ్చి తినిపించాక, డాక్టరుగారికి చూపించడానికి ఆటోలో ఇద్దరం వెళ్లాం. పిల్లి ఆవిడ ఒళ్లో ఉంది. డాక్టరుగారు చిగుళ్లు చూసి, బాగా తేరుకుందన్నారు.

"ఇంత ఓపిగ్గా తినిపించింది ఎవరండి?"

"నేనేనండి" అన్నాను. ఆలోచించే లోపే నోట్లోంచి వచ్చేసింది.

చేపలావిడ నా వైపు చూడలేదు. పిల్లి వీపు నిమురుతూ ఉంది.

"అవునండి, ఈవిడ చేత్తో పెడితేనే తింటదండి" అంది.

పిల్లి నా దగ్గరికి రాలేదన్న అసూయకైనా ఏదో ఒకనాటికి మందు దొరికేది. ఆ మాట అనగలిగిన మనిషి మీద ఆ రోజు పుట్టిన అసూయ ఇంకా నాతోనే ఉంది. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆవిడ పిల్లిని నా ఒళ్లోకి చాపింది. అది నా వాసన చూసి, మళ్లీ ఆవిడ ఒళ్లోకే వెళ్లి పడుకుంది.