కూర తినని ఇల్లు

మా సిద్దమ్మత్త గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి. ముదిగుబ్బ చుట్టుపక్కల ఆమె వండే తలకాయ కూరకు పేరుంది. అలాంటి మనిషి ఒక పొట్టేలు ప్రాణం కోసం ఊళ్లు పట్టుకుని తిరిగిందంటే నవ్వొస్తుంది గానీ, జరిగింది మాత్రం అదే.

ఆ పొట్టేలు పేరు దొర. పుట్టగానే తల్లి చచ్చిపోతే అత్తే సీసాతో పాలు పట్టి పెంచింది. రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. మేత లేక మంద మొత్తం అమ్మేసి, మామ తిమ్మన్నతో కలిసి బెంగుళూరుకు కట్టడం పనికి పోవాల్సి వచ్చింది. దొరను మాత్రం సంతకు తోలనివ్వలేదు.

"నువ్వు తినవా అత్తా?" అని ఎగతాళి చేశాను.

"తింటా. దొరను తినను" అని కసిరింది.

పెంచుకుంటామని చాలామందే ముందుకొచ్చారు. ఈమె వాళ్ల మాట వినదు, చేతిని చూస్తుంది. మా వైపు పొట్టేలును కోతకు కొనేవాడు ముందు నడుం మీద వేళ్లతో నొక్కి, కండ ఎంతుందో చూసుకుంటాడు. అన్న వరసయ్యే మద్దిలేటి "కన్నబిడ్డ లెక్క సూసుకుంటా సిద్దమ్మా" అంటూనే దొర నడుం నొక్కాడు.

"నీ బిడ్డల్ని గూడా ఇట్లే నొక్కి సూస్తావా అన్నా?" అని అత్త అక్కణ్నుంచి లేచి వచ్చేసింది.

చివరికి పక్క ఊళ్లో నూనె గానుగ నడిపే లింగప్ప గుర్తొచ్చాడు. లింగాయతులది కూర తినని ఇల్లు, మా వైపు కూరంటే మాంసమే; కోడిగుడ్డు కూడా ఆ గడప తొక్కదు. పైగా గానుగలో నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్కకు కొదవలేదు. లింగప్ప దొరను చూసి వెనక్కి జరిగాడు.

"పొట్టేలుతో మాకేం పనమ్మా? కోసేదీ లేదు, తినేదీ లేదు."

"అందుకే గదన్నా మీ ఇంటికొచ్చింది!"

ఆయన మళ్లీ నోరు తెరిచేలోపే భార్య గౌరమ్మ చేటలో చెక్క తెచ్చిపెట్టి, దొర కొమ్ముల మధ్య గోకింది. దొర హాయిగా కళ్లు మూసుకున్నాడు. "ఉండనీలే" అందామె. ఇక ఇంటాయన మాట ఎవరడుగుతారు! అత్త మాత్రం బస్సెక్కేదాకా ఏడుస్తూనే ఉంది.

మూడేళ్లకు మంచి వానలు పడ్డాయి. తిరిగొచ్చిన మర్నాడే కొత్త పలుపు కొని, మామనూ నన్నూ వెంటేసుకుని లింగప్ప ఇంటికి బయల్దేరింది. అక్కడ దొర రాజ్యమేలుతున్నాడు. నూనెకొచ్చినవాళ్లు ముందు ఒక చెక్క ముక్క సమర్పించుకోవాలట, లేకపోతే కుమ్మేస్తాడట. అత్తను వాసన చూసి, తల తెచ్చి ఆమె మోకాళ్లకేసి రుద్దాడు.

"వచ్చేసినారు గదమ్మా, తోలుకపో" అన్నాడు లింగప్ప. అనడానికి ఆయనకూ కష్టంగానే ఉంది. గౌరమ్మ మొహం తిప్పుకుంది.

మా మామ మొహం మాత్రం వెలిగిపోయింది. "వచ్చే నెల మన పెద్దమ్మ జాతర గూడా ఉండాది" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

అత్త ఆయన వైపు ఒక చూపు చూసింది. దొరను ఇంటికి తెచ్చుకోవాలని మూడేళ్లు కలలు కన్నది తనే. అయినా తెచ్చిన పలుపు గౌరమ్మ చేతిలో పెట్టింది.

"ఈడే ఉండనీక్కా. నేను వారం వారం వచ్చి సూసుకుంటా. ఈ మనిషిని మాత్రం లోపలికి రానియ్యాకు."