ఛీఛీ మేస్త్రి బిగించిన పెట్టె

మా అన్నయ్యను పనిచోట అందరూ ఛీఛీ మేస్త్రి అంటారు. ఎదురుగానే అంటారు, అతనూ పలుకుతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, ఒకసారి పాల ఫ్యాక్టరీలో కూడా నెట్‌వర్క్ వైర్లు లాగి పెట్టెలు బిగించిన మనిషి. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు కుర్చీని చూడడు, మనిషిని చూడడు, గోడవార కిందికి చూస్తాడు. అక్కడ వైర్లు చిక్కుపడి, మీద దుమ్ము పేరుకుని ఉంటే నోట వచ్చే మొదటి మాట ఛీ, రెండో మాటా ఛీ. మూడో మాట నుంచి ఆ ఇంటివాళ్ళ గుణగణాలు మొదలవుతాయి.

అసహ్యం మా ఇద్దరికీ పుట్టింటి ఆస్తి. మా అమ్మ గ్లాసు వాసన చూడకుండా నీళ్ళు తాగేది కాదు. అన్నయ్య ఆ గుణాన్ని వృత్తిలోకి తీసుకుపోయాడు, నేను కాపురంలోకి తెచ్చుకున్నాను. ఎవరైనా తడిచేత్తో తలుపు గడియ పట్టుకుంటే ఆ తడి రోజంతా నా చేతికే అంటుకున్నట్టుంటుంది నాకు. గొప్ప కోసం చెప్పడం లేదు. అలాగని సిగ్గుపడిందీ లేదు, మొన్నటిదాకా.

నేను ఇంటినుంచే పని చేస్తాను. చెవులు వినపడని విద్యార్థుల కోసం, క్లాసులో మాస్టరు చెప్పేది ఇక్కడ హెడ్‌ఫోన్‌లో విని వెంటవెంటనే టైపు చేస్తే, అది అక్కడ విద్యార్థి ముందున్న తెరమీద కనిపిస్తుంది. రెండేళ్ళుగా ఒకే అమ్మాయికి చేస్తున్నాను. మేమిద్దరం ముఖాలు చూసుకున్నది లేదు. తను నన్ను అక్కా అని పిలుస్తుంది, అదీ రాతలోనే.

నెలరోజుల్లో రెండుసార్లు మా నెట్ పోయింది. మొదటిసారి పది నిమిషాలు. రెండోసారి క్లాసు నడుస్తుండగా పోయి, గంటన్నర దాకా రాలేదు. ఫోనులో ఆ అమ్మాయి మెసేజ్: "అక్కా, మాస్టరుగారి నోరు కదులుతోంది. తెర ఖాళీగా ఉంది." అది చదివాక నాకు అన్నం సయించలేదు. మర్నాడు మా ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది, మూడోసారి జరిగితే ఇంకొకరికి అప్పగిస్తామని. నా ఉద్యోగం సంగతి అలా ఉంచండి, వచ్చే గురువారం ఆ పిల్లకు చివరి ఏడాది మౌఖిక పరీక్ష. ముగ్గురు కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. ప్రతి ప్రశ్నా నా వేళ్ళగుండానే తనకు చేరాలి. మధ్యలో తెర ఖాళీ అయితే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

ఇక మా నెట్ కాపురం ఉండే చోటు. నా పనిగది తలుపు పక్కన, నడవాలో, చెప్పుల స్టాండు మీద. మోడెం, దానిమీద నెట్ వైర్లను పంచే స్విచ్, దానిమీద రౌటర్, పక్కన కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్. కింద ఇంటిల్లిపాది చెప్పుల కంపు, పైన ఊరందరి కబుర్లు మోసుకొచ్చే యంత్రాలు. రెండోసారి నెట్ పోయినప్పుడు నేను గదిలోంచి ఒక్క ఉరుకున బయటికి వస్తే, రౌటర్ మీద పసుప్పచ్చ తుడుపుగుడ్డ పరిచి ఉంది. తడిది. పక్కనే మా అత్తగారు నిలబడి ఉన్నారు.

"ఈ గుడ్డ మీదేనా అత్తయ్యా?"

"నాదేనమ్మా."

"వెచ్చగా ఉందని ఆరేశారా? అది పొయ్యిగట్టు అనుకున్నారా?"

ఆవిడ ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. తేలు కుట్టిన దొంగ అంటే ఇలాగే ఉంటాడు కాబోలు అనుకున్నాను. మావారు వచ్చి రౌటర్‌ని బోర్లించి నాలుగు తట్లు తడితే ఎలాగో మళ్ళీ వెలిగింది. ఆ రోజునుంచి ఆవిడ ముట్టుకున్న ప్రతిదాన్నీ నేను రెండోసారి కడిగాను, ఆవిడకు వినపడేలా. గురివింద గింజ తన కింద నలుపెరగదు అని ఒకరోజు వంటింట్లో పైకే అన్నాను. ఎవరినని ఆవిడ అడగలేదు.

శనివారం పొద్దున్న అన్నయ్యకు ఫోను చేశాను. గంటలో వచ్చాడు. ఒక చేతిలో టార్చిలైటు, జేబులో పళ్ళ డాక్టరు దగ్గరుండేలాంటి చిన్న అద్దం. స్టాండు ముందు గొంతుక్కూర్చుని, అద్దం వైర్ల వెనక్కి పోనిచ్చి చూశాడు.

"ఛీ! ఛీఛీఛీ! ఇది ఇల్లా, పెంటకుప్పా? చెల్లీ, నువ్వు దీన్ని నమ్ముకుని ఒక పిల్లకి చదువు చెప్పిస్తున్నావా?"

రౌటర్ మూత ఊడదీశాడు. లోపల గోధుమరంగు జిగురు అట్టలుకట్టి ఉంది. దాని అంచున బొద్దింక గుడ్ల సంచులు, వరసగా, పప్పుబద్దల్లా. మూలనుంచి ఒక పెద్దది బద్ధకంగా నడిచి వచ్చి, వెలుతురు చూసి, మళ్ళీ లోపలికి పోయింది. నడవా చివర కిటికీ దగ్గరకు పోయి ఊపిరి పీల్చుకున్నాను.

"వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది. అయినా ఉత్త వెచ్చదనానికి ఇంత సంసారం పెట్టవు ఇవి. తిండి ఉండాలి," అన్నాడు అన్నయ్య తనలో తనే.

తర్వాత టార్చి ఏటవాలుగా పట్టి మూతను పైనుంచి చూశాడు. దానిమీద గుండ్రటి మరకలు, ఒకదానిమీద ఒకటి, పది పన్నెండుంటాయి. ప్రతి గుండ్రమూ ఒకచోట తెగి ఉంది. వేలితో గోకి వాసన చూశాడు.

"అత్తగారి కషాయం గ్లాసు అయ్యుంటుంది," అన్నాను, ఆవిడ గది వైపు చూస్తూ.

అతిథుల కప్పులు తోమకుండా పడి ఉంటే, అన్నయ్యకు నా కప్పులోనే టీ పోసి ఇచ్చాను. ఇంట్లో టీ తాగేది నేనొక్కదాన్నే, ఆ కప్పు నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వను. తాగి, కప్పు బోర్లించి అడుగు చూశాడు. శుభ్రం పరీక్షిస్తున్నాడనుకున్నాను. ఆ జబ్బు మా ఇంటిదే కదా. తర్వాత తడిగుడ్డ తెప్పించుకుని, మూతమీది మరకలన్నీ తనే తుడిచేశాడు. పారేసే రౌటర్‌కు తుడవడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

"కొత్త రౌటర్ ఒక్కటీ తెస్తే చాలదు. వీటన్నిటినీ ఒక చిన్న ర్యాక్‌లో పెట్టి తాళం వెయ్యాలి," అన్నాడు.

మావారు ఆ మాట అందుకున్నారు. ఆయనకు వస్తువు కొనడమంటే బొమ్మ చూసి మురిసిపోవడం. సోమవారానికల్లా ఒక పెట్టె దిగింది. నల్లటి అద్దం తలుపు, లోపల నీలం దీపం, గూట్లో పెట్టుకునే బొమ్మలా ముద్దొస్తోంది. యంత్రాలన్నీ టేపుతో కొలిచే కొన్నానని చెప్పారు. అన్నీ లోపలికి పోయాయి కూడా. తలుపు మాత్రం పడలేదు. అన్నయ్య వచ్చి చూసి ముక్కుమీద వేలేసుకున్నాడు.

"బావగారూ, పెట్టె కొలిచారు, ప్లగ్గు కొలిచారా? ప్లగ్గు బయటికి ఎంత వస్తుంది, అక్కణ్ణించి వైరు వంపు తిరగడానికి ఎంత కావాలి? ఎనక నాలుగు వేళ్ళు, ముందు నాలుగు వేళ్ళు వదలాలి. వైరుని మెడ విరిచినట్టు మడిస్తే అది పని చెయ్యదు."

"తలుపు తీసి వాడుకుంటే సరిపోదా?" అన్నారు ఈయన.

"తలుపు తీసిన అలమరలో మీ ఇంట్లోవాళ్ళు ఏం పెడతారో నేను చెప్పనా? రేపటికి దువ్వెన, ఎల్లుండికి గొళ్ళెంలేని తాళంకప్ప, వారానికల్లా సాక్సు! ఛీ!"

పైగా ఆ పెట్టెకు గాలి పోయే కంతలు లేవు. పైకప్పు పీటలాగా చదునుగా ఉంది. అన్నయ్య దానిమీద అరచెయ్యి పెట్టి రాస్తూ, దాని అందమే దాని రోగమన్నాడు. పెట్టె వెనక్కి పోయింది.

మంగళవారం కొత్త రౌటర్‌తోపాటు అన్నయ్య ఎంచిన పెట్టె వచ్చింది. చూడటానికి తపాలా ఆఫీసు డబ్బాలా మొరటుగా ఉంది. గోడకు బిగించేది, పాత స్టాండు ఉన్న చోటే బిగించాడు. ర్యాక్ ఎత్తును యూలలో లెక్కపెడతారట, ఒక యూ సుమారు మూడు వేళ్ళ వెడల్పు. మాకు నాలుగు చాలు, ఆరు తెచ్చాడు. రేపు ఇంకో యంత్రం వస్తే దాన్ని నెత్తిన పెట్టుకుంటారా అన్నాడు. పక్కలకు సన్నటి చీలికలు, వాటికి లోపలినుంచి బొద్దింక దూరని జాలీ. వైఫై ముక్కను మాత్రం లోపల పెట్టనివ్వలేదు. ఇనప పెట్టెలో వైఫై పెట్టడమంటే బావిలో కూర్చుని పాట పాడటమేనట. దాన్ని విడిగా గోడమీద పైన తగిలించి, నా కంప్యూటరుకు ర్యాక్‌నుంచి నేరుగా వైరు లాగాడు. బరువైన యూపీఎస్ అడుగున, మోడెం మధ్యన. వైర్లను ప్లాస్టిక్ బిగింపులతో కట్టకుండా చెప్పులకుండేలాంటి వెల్క్రో పట్టీలతో వదులుగా కట్టాడు. వైర్లను పీకలు నులిమినట్టు బిగించేవాళ్ళంటే అతనికి బొద్దింకలకన్నా అసహ్యం.

అంతా అయ్యాక ఇంకో వస్తువు తీశాడు. రేకు. రేకులపని మేస్త్రితో కొలతపెట్టి చేయించాడట. ర్యాక్ నెత్తిన ఏటవాలుగా అమర్చి బోల్టులు బిగించాడు. ఇప్పుడది పూరింటి చూరులా ఉంది.

"ఇదేమిటన్నయ్యా, ఇంటికొచ్చి చూసినవాళ్ళు నవ్వుతారు."

"పాల ఫ్యాక్టరీలో పెట్టెలన్నిటికీ ఇలాగే ఉంటుందే. పైన ఏదీ నిలవకూడదని. చదునుగా ఉన్న చోటల్లా మనిషి చెయ్యి ఏదో ఒకటి పెడుతుంది. బోర్డు రాసినా పెడుతుంది. బతిమాలినా పెడుతుంది. అలవాటు మారని మనిషి ఇంట్లో ఒక్కరున్నా పెట్టెనే మార్చుకోవాలి."

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారి గదిలోకి వినపడాలని, "విన్నారా అత్తయ్యా, ఇకమీద గుడ్డ ఆరేస్తే జారిపోతుంది," అన్నాను. లోపలినుంచి, "మంచిదేనమ్మా," అని మాత్రం వచ్చింది. అన్నయ్య నావైపు ఒక చూపు చూశాడు. తాళంచెవి నాకివ్వలేదు. అత్తగారి గదిలోకి పోయి ఆవిడ చేతిలో పెట్టి, "మీ దగ్గర ఉంచండి అత్తయ్యగారూ," అన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనిపించి నాకు ఒళ్ళు మండింది.

గురువారం వచ్చింది. పది గంటలకు పరీక్ష మొదలు. ముగ్గురు పరీక్షకుల్లో ఒకాయన గొణుగుతాడు, ఒకావిడ గబగబా మాట్లాడుతుంది, మూడోవారు ప్రశ్న మధ్యలో దగ్గుతారు. అరగంట పాటు నా వేళ్ళు ఆగలేదు, తెరా ఆగలేదు. ఆ అమ్మాయి సమాధానాలు చెబుతుంటే ఆ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది, కొంచెం ఎత్తుపల్లాలతో, తొణక్కుండా. పదిన్నరకు ఐదు నిమిషాల విరామం అన్నారు. పరుగున వంటింట్లోకి పోయి కప్పు నిండా టీ పోసుకుని వచ్చాను. ఒక చేతిలో ఆ సబ్జెక్టులో కష్టమైన పదాలు రాసుకున్న కాగితాలు, ఒక చేతిలో కప్పు. నా గది గడియ బిగుతు, రెండు చేతులూ పెట్టి లాగితేగాని రాదు. కప్పు పక్కన పెట్టాను. గడియ లాగాను.

వెనక భళ్ళున చప్పుడైంది.

తిరిగి చూస్తే వాలు రేకుమీదనుంచి టీ ధారగా కారి, నేలమీద పడుతోంది. కప్పు ముక్కలై ఉంది. నేనేం పెట్టానో, ఎక్కడ పెట్టానో అప్పటిదాకా నా తలకెక్కలేదు. గదిలో బల్లమీదున్న హెడ్‌ఫోన్‌లోంచి పరీక్షకుల గొంతు సన్నగా వినిపించింది, మొదలుపెడదామా అని. అన్నీ అలాగే వదిలేసి లోపలికి దూకాను. తెర వెలుగుతూనే ఉంది. తర్వాతి ప్రశ్న పంపాను. అమ్మాయి జవాబు మొదలుపెట్టింది. పదకొండుంపావుకు పరీక్ష అయిపోయింది. ఒక్క ప్రశ్నా తప్పిపోలేదు. కాసేపటికి తెరమీద చిన్న రాత కనిపించింది: "అక్కా, ఈరోజు అందరి మాటలూ వచ్చాయి."

కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చాను. అత్తగారు నేలమీద కూర్చుని పసుప్పచ్చ గుడ్డతో టీ అద్దుతున్నారు. పెంకులు ఒక కాగితంలోకి ఏరి పెట్టారు. పైన కప్పు అడుగు ముక్క ఉంది, గుండ్రంగా. అంచు ఒకచోట పెచ్చు ఊడి ఉంది. ఎప్పుడు ఊడిందో నాకు తెలియదు, నేనెప్పుడూ అడుగు చూడలేదు. రౌటర్ మూతమీది గుండ్రాలన్నీ ఒకచోట తెగి ఉండటం అప్పుడు గుర్తొచ్చింది. రోజుకు మూడుసార్లు, ఈ గడియ తీయడానికి, రెండేళ్ళు. ఎన్ని బొద్దింకల్ని మేపానో. నా చెయ్యి నాకే జిగటగా తోచింది.

"ఎన్నాళ్ళనుంచి తుడుస్తున్నారత్తయ్యా?"

"పరీక్ష బాగా జరిగిందా? ఆ పిల్ల బాగా చెప్పిందా?"

"బాగా చెప్పింది. ఆ రోజు ఎందుకు చెప్పలేదు నాకు?"

"పని మీదున్నప్పుడు నీకు ఏదీ తెలీదు కదమ్మా. చెబితే మాత్రం, ఆ కంగారులో మానతావా? పెంకులున్నాయి, పక్కకి జరుగు."

నేను జరగలేదు. ఆవిడ పక్కనే కూర్చుని ఆ గుడ్డకోసం చెయ్యి చాపాను.

"అది తడిగా ఉంది," అన్నారావిడ, ఇవ్వకుండా. "నీకు అసహ్యం."

"ఇటివ్వండి," అన్నాను.