నాన్న, నేను కలిసి అల్లిన ఆట

నిన్న పలాస బస్టాండు దగ్గర ఎవరో జీడిపిక్కలు కాలుస్తుంటే ఆ పొగకి కళ్లు మండాయి. నాన్న గుర్తొచ్చాడు.

ఉద్దానంలో పుట్టిన మనమంతా జీడిపిక్కలతో ఆడి చేతులు పొక్కించుకున్నవాళ్లమే, గుర్తుందా? మా ఇంట్లో వాటితో ఇంకెవరికీ తెలియని ఆట ఒకటి ఉండేది. కిడ్నీలు పాడై నాన్న తోటపని మానేశాక, డయాలసిస్ లేని రోజుల్లో ఇద్దరం అరుగు మీద కూర్చొని దాన్ని తయారుచేశాం. పులి-మేక పటం బొగ్గుతో గీసి, అష్టాచెమ్మా గవ్వలు వేసేవాళ్లం. గవ్వలు ఎంత పడితే పులి అంత దూరం నడవాలి. మేకలన్నీ జీడిపిక్కలు. పులేమో నాన్న చొక్కా గుండీ.

పులి నా మేకల్ని తినేస్తుంటే ఏడుపుమొహం పెట్టేదాన్ని. అందుకని నాన్న కొత్త నియమం పెట్టాడు.

"అష్టా పడితే సచ్చిపోయిన మేక తిరిగొచ్చెస్తాది. సరేనా అమ్మా?"

"మరి ఆట ఎప్పుడైపోతాది నాన్నా?"

"అవ్వకపోతే ఏటి? ఆడతానే ఉందాం."

ఆ వానాకాలం దాటకముందే నాన్న పోయాడు. నేనప్పుడు ఆరో తరగతి.

పెద్దకర్మ అయిన మర్నాడు, అరుగు మీద ఒక్కదాన్నే పటం గీసుకుని రెండు వైపులా నేనే ఆడుతున్నాను. ఆ ఆటను ఏనాడూ పట్టించుకోని అమ్మ వచ్చి, నాన్న కూర్చునే చోట కూర్చుంది. గవ్వలు చేతిలోకి తీసుకుంది.

"నాకు రాదు. ఎలాగాడాలో సెప్పే" అంది.

చెప్పబోయి, నాన్న గుండీనే పటం మీద అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాను. అమ్మ తొందరపెట్టలేదు. గవ్వలు గుప్పిట్లో పట్టుకుని, నాకు మాట వచ్చేదాకా అలాగే కూర్చుంది.