కుప్పం పనసమొక్కలు

మా ఇంటామె పోయిన నెల విషజ్వరంతో కన్నుమూసింది. పలకరించడానికి వచ్చిన మిత్రులకు సరిగా బదులు చెప్పలేకపోయాను. ఆమె గురించి నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

నిరుడు తొలకరిలో కుప్పంలోని పుట్టింటి నుంచి పనసమొక్కలు తెచ్చింది. యుద్ధంతో పెట్రోలు కరువు, బొగ్గుతో నడిచే బస్సులు. పుంగనూరులో బస్సు మారితే, ఆమె ఒళ్లోని మొక్కలు చూసి కండక్టరు అడిగాడు: "ఏమ్మా, ఒళ్లో బిడ్డలకి టికెట్టు యాడ?"

"ఇంగా పాలు మాన్లేదప్పా. నడిచినప్పుడు తీసుకుంటాలే."

బస్సంతా నవ్వింది. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కదా, ఆమె ఎవరో తెలియనట్టు ముందు సీట్లో కూర్చున్నాను.

మదనపల్లెలో మా ఇంటి వెనక నాటింది. మేకలు రాకుండా చుట్టూ కంప కట్టింది. ఎండ తగలకుండా తంగేడు కొమ్మలు గుచ్చింది. పొద్దున్నే కాఫీ కన్నా ముందు మొక్క మొదట్లో వేలు పెట్టి చూసేది. తడి తగిలితే ఆ పూట నీళ్లు లేవు. "దప్పి తెలిస్తేనే వేరు లోపలికి పోతాది" అనేది. నేను వసారాలో పేపరు చదువుతూ ఊఁ కొట్టేవాణ్ణి.

బావి నుంచి కడవలు మోసింది ఆమే. జ్వరం మొదలైన రోజు, "ఈ పూటకు మీరు పోస్తారా?" అని అడిగింది. పేపరు అయిపోనీ అన్నాను. అయ్యేసరికి తనే పోసి వచ్చి పడుకుంది.

ఆమె పోయాక నా చేతులు ఊరుకోలేదు. పొద్దున, సాయంత్రం తోడి పోశాను. భుజాలు నొప్పెడితే కాస్త నయంగా ఉండేది. ఆకులు పసుపుబారాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను.

మా అత్తగారు కుప్పం నుంచి వచ్చారు. ఒక మొక్కను పట్టుకోగానే ఊడి చేతికొచ్చింది. వేరు కుళ్లిపోయి ఉంది.

"ఏమప్పా, ఇట్ల ముంచేసినావు?"

"ఆమె ఉన్నప్పుడు ఒక్క కడవ పోయలేదత్తా."

అత్తగారు ఆ వేరుకున్న బురదను కొంగుతో తుడిచారు.

"నువ్వు పొయ్యలేదని ఇవి యాల సావల్ల? పోసింది సాలు. ఊరికే ఉండు నాయనా."

మిగిలినవాటిలో ఒకదాని కొన ఇంకా పచ్చగానే ఉంది. ఊరికే ఉండటం నాకు చేతకావడం లేదు. సాయంత్రమైతే కాళ్లు బావి వైపే పోతాయి. చేద ముట్టుకోకుండా వెనక్కి వచ్చి కంప పక్కన కూర్చుంటాను. మట్టి పైపైన తెల్లబారుతోంది. నిన్న మొక్క మొదట్లో సన్నటి పగులు కనిపించింది. ఒక చీమ అందులోకి దిగింది. అది పైకి వస్తుందేమోనని వెలుతురు పోయేదాకా చూస్తూ కూర్చున్నాను.