ట్రాక్టర్‌ల రాని అమ్మ

దగ్గర కూసోండ్రి, చెప్తా. అప్పుడు దమ్మపేట దిక్కు మా ఊరి బడిల పిల్లలకు అన్నం వండేదాన్ని. రెండో తరగతి లచ్చిమి తల్లి ఖమ్మం దవాఖానల చనిపోయింది. పిల్లను మేనత్త ఇంట్ల ఉంచి, తల్లిని మట్టి చేసిండ్రు. "అమ్మ మిరపకాయలు ఏర పోయింది" అని చెప్పిండ్రు.

ఏరుడు అయిపోయినంక కూలోళ్ల ట్రాక్టర్ బడి ముందే ఆగింది. తల్లులంత దిగినంక లచ్చిమి ట్రాలీ ఎక్కి మూటలు జరిపి చూస్తనే ఉంది.

"దిగు బిడ్డా, మీ అమ్మ ఈ ట్రాక్టర్‌ల లేదే" అన్న.

"ఇంకో ట్రాక్టర్ వస్తదా, పెద్దమ్మా?"

టీచరమ్మ ఒళ్లో కూసోబెట్టుకొని నిజం చెప్పింది. పిల్ల ఏడ్వలే.

"బడిల అందరికీ తెలుసా?" అనడిగింది.

తెలుసని టీచరమ్మ తల ఊపింది. ఆనాటి నుంచి లచ్చిమి బడిల నోరు తెరవలే. టీచరమ్మ ఎంత బతిమాలినా తెరవలే. ఏడిస్తే ఓదార్చేటోళ్లం, నమ్మకం పోయిన పిల్లను ఏమని ఓదార్చాలె?

మీ ఇంట్ల పిల్లలు మిమ్మల్ని నమ్ముకుంట, చల్లగ బతకాలె.